కొసరు

షెఫీల్డ్‌లో ఫిబ్రవరి.
ట్రామ్ పట్టాల పక్కన ఉప్పు చల్లిన పొద్దు.
డాక్టర్ హోల్‌రాయిడ్ కుర్చీని మా ఎత్తుకి దించుకుని
కూర్చున్నప్పుడే తెలిసిపోయింది,
నిలబడి చెప్పే మాట కాదని.

పద్దెనిమిదో జతలో ఒకటి ఎక్కువుందట.
జతకి ముగ్గురు.
కాగితం మీద చిన్న చిన్న గీతలు గీశాడు,
రెండు, రెండు, రెండు, ఒకచోట మూడు.
తక్కువైతే అర్థమయ్యేది నాకు.
మా ఇంట ఇన్నాళ్ళూ ఏది పాడైనా తక్కువతోనే పాడైంది.
ఎక్కువ కూడా ఇంత పని చేస్తుందా?

జీవితంతో పొసగదు అన్నాడు.
ఇంగ్లీషులోనే అన్నాడు, నా చెవిలో తెలుగై పడింది.
పొసగదు.
మా పెద్దత్త సుభద్రమ్మకీ మామయ్యకీ పొసగలేదు.
నలభై ఆరేళ్ళు ఒకే కప్పు కింద
ఒకరి కంచం ఒకరు కడుగుతూ, ఒకరినొకరు పలకరించకుండా,
పొసగకుండానే ఉన్నారు.
ఆ సంగతి డాక్టరుకి చెప్పలేదు.
చెప్పుంటే బావుండేది.

గాజుపెట్టెలో తరళ.
వెయ్యిన్నీ ఆరువందల నలభై గ్రాములు.
పిడికిలి బిగించింది,
చూపుడువేలు నడిమివేలి మీదికెక్కి.
ఈ జబ్బుకి అదొక గుర్తు.
రాత్రి నర్సు మోరీన్ మాత్రం
తన వేళ్ళు కూడా అలాగే మెలేసి చూపించింది:
"మా దగ్గర అదృష్టం కోరుకునేవాళ్ళు ఇలా పెడతారు.
చూశావా, తన కోసం తనే మొక్కుకుంటోంది."

ఊపిరి తియ్యడం మర్చిపోతుంది.
నీలం అంకె కుంగుతుంది,
తొంభై, డెబ్భై, యాభై నాలుగు...
మోరీన్ అరికాలు మీద వేలితో గీస్తుంది,
బడికి టైమైంది లెగు అన్నట్టు.
విసుక్కుంటూ తిరిగొస్తుంది తరళ.
ఇన్ని రాత్రుల్లో నేను నేర్చిన విద్య అదొక్కటే,
అరికాలు మీద ఎంత గట్టిగా గీయాలో.

ఆరో రోజు ఒక గదిలోకి పిలిచారు.
టిష్యూ డబ్బా నిండుగా ఉన్న గది.
గుండెలో రంధ్రం.
గొట్టం వెయ్యాలా, వెయ్యకూడదా,
గుండె ఆగితే ఛాతీ మీద నొక్కాలా,
మా చేతుల్లో పెట్టి తలుపు దగ్గరికి వేసెయ్యాలా.
ఒకావిడ నెమ్మదిగా అంది,
బాధ పెట్టకుండా ఉండడం కూడా ప్రేమేనని.
అది అబద్ధం కాదు.
మురహరి పెన్ను మూత పెట్టాడు, తీశాడు, పెట్టాడు.
"తనకి నొప్పి లేకుండా,
అలాగని తన తరఫున మేమే ఓటమి ఒప్పుకోకుండా,
అలాంటి గడి ఉందా ఈ ఫారంలో?"
లేదు.
హోల్‌రాయిడ్ మార్జిన్‌లో రాశాడు, తన చేత్తో,
వంకర అక్షరాలతో.

ఎడమపక్క పెట్టెలో పిల్లాడు బుధవారం ఇంటికెళ్ళాడు,
కారు సీటుకి బెలూన్ కట్టుకుని.
కుడిపక్క పెట్టె గురువారం ఖాళీ అయింది.
ఆ తల్లి, బెథనీ, కారిడార్లో నా చెయ్యి పట్టుకుని
అల్లిన టోపీ ఇచ్చింది.
అంచు మీద ఐవీ అని కుట్టుంది.
ఆ దారం ఊడదీసి మీ పాప పేరు కుట్టుకో అంది.
ఊడదియ్యలేదు.
ఐవీ టోపీలో తరళ నిద్రపోతోంది.

మంగళవారాలు తూకం.
చిన్నప్పుడు చీరాల మార్కెట్లో
చింతచిగురు తూచాక మా అమ్మ కదిలేది కాదు,
కొంగు పట్టి అక్కడే నిలబడేది.
"కొసరేదీ?"
గొణుక్కుంటూనే వేసేవాడు ఒక గుప్పెడు.
ఆ గుప్పెడుకి ధర లేదు, లెక్క లేదు,
ఎవరికీ బాకీ లేదు.

వారమో పదిరోజులో అన్నారు.
ఇవాళ నలభై మూడు.
మోరీన్ తువ్వాలు పరిచి, సున్నా చేసి, తరళని పెట్టింది.
అంకెలు వణికి నిలబడ్డాయి,
వెయ్యిన్నీ తొమ్మిదివందల పన్నెండు.
ముక్కుగొట్టం బరువు కొంచెం తీసెయ్యాలి అంది.
తియ్యొద్దన్నాను.

ఎల్లుండి ఆపరేషన్.
ఏమవుతుందో హోల్‌రాయిడ్‌కి తెలియదు,
తెలియదనే చెప్పాడు.
నాకు కొంగు లేదు, ఒంటి మీద మురహరి స్వెట్టరు.
దాని అంచు పట్టుకుని
త్రాసు దగ్గరే నిలబడ్డాను.